తాడు లేని పడవ

ఎనభైల్లో మా ఊరి లాకుల పక్కనున్న కాలువ ఆఫీసు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి వేయించారు. ఎడమ సగం పాతకాలపు కాలువ, కుడి సగం కొత్తకాలపు కాలువ. వేసింది హైస్కూలు డ్రాయింగు మాస్టారు. ఆయన కాలువలో కాలు తడుపుకోగా ఎవరూ చూడలేదు.

పాతకాలం చెప్పడానికి ఆయనకు దొరికినవాడు మా నాన్న. పత్తి బేళ్ళు, మిరపకాయ బస్తాలు ఎక్కించిన పడవల్ని గట్టు మీద నడుస్తూ తాడుతో లాగి మమ్మల్ని పెంచాడు. రెండు రోజులు ఎండలో, భుజాన తాడేసుకుని, ముందుకు వంగి మాస్టారి ఎదుట నిలబడ్డాడు. "తాడు పడవ ముక్కుకి కట్టరండీ, తెరచాప కొయ్యకి కడతారు. లేకపోతే గట్టు మీద తుమ్మకంపకి తగులుకుంటది" అని పదిసార్లు చెప్పాడు. గోడ మీద తనుంటానని పేటంతా చాటుకున్నాడు. అమ్మ పోయాక ఆయన అంత సంబరపడటం నేను చూడలేదు.

బొమ్మకు కప్పిన తెర తీసే రోజు, చర్చికి వేసుకునే తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేసిచ్చాను.

పెద్ద ఇంజనీరుగారు తెర లాగారు. ఎడమవైపు నిండు తెరచాప, బూరె బుగ్గలతో నవ్వుతూ చుక్కాని పట్టిన సరంగు. గట్టు మీద నరపురుగు లేదు. గడ్డి మాత్రం పరక పరకా దిద్దారు. కుడివైపు లారీ, కరెంటు స్తంభం, స్కూటరు మీద మొగుడూ పెళ్ళాం, తేటనీళ్ళు. మా కాలువలో అప్పటికే గుర్రపుడెక్క మీద కోళ్ళు తిరిగేవి. పత్తికి మందు కొట్టిన డబ్బాలు కడిగేదీ అందులోనే. అబద్ధానికి మాత్రం రంగులు కరువు కాలేదు.

నాన్న బొమ్మంతా రెండుసార్లు వెతుక్కున్నాడు. "నేనేడండీ?"

"లాగేవాళ్ళుంటే బొమ్మ దిగులుగా ఉందని ఆఫీసులో అన్నారు, పెద్దాయనా. తీసేశాను."

"మరి గాలి లేనప్పుడు ఈ పడవ ఎట్టా కదిలిందండీ?"

మాస్టారు నవ్వి, లడ్డూ మిక్చరు పళ్ళెం ఆయన చేతిలో పెట్టారు. జవాబు లేనిచోట మిక్చరు పెట్టడం ఆఫీసు మర్యాద కాబోలు. ఆ పళ్ళెం మాస్టారి మొహాన కొట్టాలనిపించింది నాకు.

నాన్న పళ్ళెం కిటికీలో పెట్టి బయటికెళ్ళాడు. టీకొట్టు పొయ్యి దగ్గర్నించి బొగ్గుముక్క తెచ్చాడు. పెద్దలంతా లడ్డూల మీద ఉన్నారు. తెరచాప కొయ్య నుంచి గీత మొదలుపెట్టి, ఆ దిద్దిన గడ్డి మీదుగా, బొమ్మ అంచు దాటించి, తెల్లగోడ మీద చెయ్యి సాగినంత దూరం లాగాడు. గీత ఆగినచోట గోడకు భుజం ఆనించి, ముందుకు వంగి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాకి బొగ్గంటింది.

"ఇప్పుడు కదులుద్ది" అన్నాడు.