నా సెన్సర్‌కి ఐసు పరీక్ష

పోయిన చలికాలం ఉత్తరాదిన, వైశాలిలోని మా ఫ్లాట్‌లో చేపల తొట్టికి నేనే ఒక కంట్రోలర్ తయారుచేశాను. నీళ్లు చల్లబడితే హీటర్ దానంతటదే వెలగాలి. అందుకు రెండు సెన్సర్లు కొన్నాను. ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించిన పేరున్న కంపెనీది, రెండోది మా సందు చివరి దుకాణంలోని ఊరూపేరూ లేనిది. నీళ్లలో ముంచితే రెండోది నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించింది. డూప్లికేట్ అంటగట్టాడనుకుని, కంపెనీ సెన్సర్‌కే హీటర్ అప్పగించాను; రెండోదాన్ని ఊరికే నీళ్లలో వదిలేశాను.

తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. దుకాణంవాడి సెన్సర్ నీళ్లలోకి ఏ విషమో వదిలిందని నా అనుమానం! కంట్రోలర్‌తో సహా రెండూ పీకి పట్టుకెళ్లి, జనం ముందే అతణ్ణి నిలదీశాను.

అతను కోప్పడలేదు. పక్క జ్యూస్ బండి నుంచి గ్లాసుడు ఐసునీళ్లు తెప్పించి, "భాయీసాబ్, దోనో డాలియే. జీరో ఆనా చాహియే" అన్నాడు, రెండూ ముంచండి, ఐసునీళ్లలో సున్నా రావాలి అని.

అతని సెన్సర్ సున్నా చూపించింది. నాది సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. అంటే వేడెక్కిన నీళ్లని చల్లగా ఉన్నాయని చెప్పి, రాత్రంతా హీటర్ వెలిగించింది నేను నమ్మిన సెన్సరే.

పరుగున వచ్చి నీళ్లు చల్లబరిస్తే చేపలు తేరుకున్నాయి. మా అమ్మాయి అంతా విని, "పాపా, అంకుల్ కో సారీ బోలా?" అంది, సారీ చెప్పావా అని.

"ఆఁ" అన్నాను.

నేను ఆ దుకాణదారుణ్ణి చూసినట్టే నన్ను చూసింది. నిజమే, చెప్పలేదు. ఇప్పటికీ ఆ దుకాణం ముందు నుంచి కాకుండా మెట్రోకి చుట్టు తిరిగి వెళుతున్నాను.