పరగడుపు ప్రశ్న

తెనాలి చరిత్ర రాసేవారెవరైనా ఒక సంగతి విస్మరించకూడదు. గత ఇరవై ఎనిమిదేళ్లుగా, ఎండలోనూ, వానలోనూ, ఎన్నికల రోజునా, ఆఖరికి రోజా ఉండి తాను మంచినీళ్లయినా ముట్టని రంజాన్ నెలలోనూ, ల్యాబ్ టెక్నీషియన్ షేక్ చాంద్ బాషా ఎదురుపడిన ప్రతి మనిషినీ "టిఫిన్ అయిందాండీ?" అని అడుగుతూ వస్తున్నాడు. రైల్లో టీసీని అడిగాడు. పెద్దకూతురి నిఖాలో ఖాజీ గారిని అడిగాడు. రాంగ్ నంబర్ అని ఫోన్ పెట్టేయబోతున్నవాణ్ణి ఆపి మరీ అడిగాడు. సాయంత్రం నాలుగింటికి అడిగిన దాఖలాలు కూడా ఉన్నాయి. ఇంత సుదీర్ఘ కాలంలో "అవలేదండి" అన్నవాడు ఒక్కడూ లేడు. ఆ విశేషాన్ని ఎవరూ, ముఖ్యంగా బాషా, పట్టించుకోకపోవడం వల్లే ఈ కథంతా జరిగింది.

బాషా పనిచేసేది డాక్టర్ వైదేహి గారి దగ్గర. ఆవిడకి తెనాలిలో ఆసుపత్రి, బాపట్లలోనూ రేపల్లెలోనూ ఒక్కో క్లినిక్కు. నిరుడు చుండూరు నుంచి సుందరయ్య అనే కౌలు రైతు కాలివేలి మీద మానని పుండుతో వచ్చాడు. చూస్తే షుగర్ నాలుగు వందలు దాటింది. వేలు తీసెయ్యక తప్పలేదు. ఆ సాయంత్రం బాషా సుందరయ్య పాత కార్డులన్నీ బయటికి తీశాడు. పదకొండేళ్లుగా ఆ మనిషి జలుబుకి వచ్చాడు, జ్వరానికి వచ్చాడు, తేలు కుడితే వచ్చాడు. వచ్చినప్పుడల్లా వచ్చిన జబ్బే చూశారు. షుగర్ ఒక్కసారీ చూడలేదు. కార్డుల మీది దస్తూరీ సగానికి పైగా బాషాదే.

అందుకే రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు, జబ్బు ముదరకముందే చేయాల్సిన పరీక్షల పట్టిక తాను కడతానని బాషా ముందుకొచ్చాడు. ముప్ఫై దాటితే ఏడాదికోసారి పరగడుపున షుగర్. వచ్చిన ప్రతిసారీ బీపీ. గడువు దాటిన పరీక్ష తెర మీద ఎర్రగా వెలగాలి. తేలు కుట్టి వచ్చినవాడికైనా షుగర్ పరీక్షకి తేదీ ఇచ్చి పంపాలి. ఇది ఆయన రాజ్యాంగంలో మొదటి అధికరణం. ఇంకో సుందరయ్య తన సూదుల ముందు నుంచి జారిపోకూడదన్నది దాని పీఠిక.

వైదేహి గారికి అంత నమ్మకం కలగలేదు.

"నెల రోజులు చూద్దాం బాషా. మూడు ఊళ్లలో కలిపి నీ పట్టిక వల్ల వంద పరగడుపు షుగర్లు జరిగితే ఉంచుదాం. లేదంటే తీయించేస్తా. ఆ ఎర్ర గళ్లు చూసి మన నర్సులకి కళ్లు పోయేట్టున్నాయి."

సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున హర్షిణి అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. పరగడుపు పరీక్షకి ముందు నర్సు ఒక ప్రశ్న అడిగి, 'అవును', 'కాదు' అనే రెండు బటన్లలో ఒకటి నొక్కాలి. నొక్కితేగాని సాఫ్ట్‌వేర్ రక్తం తీయనివ్వదు. కంపెనీవారు తెలుగులో పెట్టిన ప్రశ్న: 'మీరు ఉపవాసంలో ఉన్నారా?'

బాషా పకపకా నవ్వాడు. "ఇదడిగితే 'ఇవాళ శనివారం కాదుగా' అంటారమ్మాయ్! తీసెయ్. జనం మాట్లాడే మాట పెట్టు."

"ఏం పెట్టమంటారు సార్?"

ఏం పెట్టమన్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి వారం పరగడుపున రమ్మన్నవాళ్లు నూట నలభై మంది. వచ్చినవాళ్లు డెబ్భై ఆరుగురు. తీసిన రక్తం సున్నా. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో యావన్మందికీ టిఫిన్ అయింది. సాఫ్ట్‌వేర్ అందరికీ మర్యాదగా ఇంకో తేదీ ఇచ్చి పంపింది.

"బగ్గేమీ లేదండి సార్," అంది హర్షిణి ఫోన్లో. "మీవాళ్లే తెల్లారకుండా తినేస్తున్నారు."

బాషా బాపట్ల రైలెక్కాడు. క్లినిక్కులో ఒక మూల కూర్చుని చూశాడు. రిటైరైన సూర్యనారాయణ మాస్టారు ఏడున్నరకే వచ్చారు. "టిఫిన్ అయిందాండీ మాస్టారూ?" అంది నర్సు బిందు. "ఆఁ, అయిందమ్మా, అయింది," అన్నారాయన. బిందు 'అవును' నొక్కింది. మాస్టారు ఇంకో తేదీ చీటీ పుచ్చుకుని తిన్నగా ఎదురు హోటల్లోకి వెళ్లారు. వెనకే వెళ్లిన బాషా చూసేసరికి ఆయన నాలుగో ఇడ్లీ మీదున్నారు.

"ఇందాక అయిందన్నారుగా మాస్టారూ?"

"అన్నాను."

"అయ్యిందా మరి?"

"అవుతోందిగా!"

"అక్కడే అవలేదని చెప్పొచ్చుగా సార్?"

మాస్టారు చెయ్యి ఆపి, బాషా వంక జాలిగా చూశారు. "పరాయి చోట ఒకరు టిఫిన్ అయిందా అంటే, అవలేదంటారటయ్యా ఎవరైనా? పెట్టమని అడిగినట్టుండదూ? పాపం ఆ పిల్ల ఎక్కడ తెచ్చి పెడుతుంది?"

ఇరవై ఎనిమిదేళ్ల పరిశోధన ఆ ఇడ్లీ పళ్లెం ముందు కుప్పకూలింది. తానడిగేది ప్రశ్న కాదనీ, నమస్కారమనీ, నమస్కారానికి జవాబు నమస్కారమేననీ బాషాకి యాభై నాలుగో ఏట తెలిసింది.

వెంటనే ప్రశ్న మార్పించాడు: 'ఏమీ తినలేదు కదా?' దీనికి మూడు ఊళ్లూ ఒక్క గొంతుతో "లేదండి" అన్నాయి. తెనాలిలో నర్సు ప్రియ దానికి 'అవును' నొక్కింది, తినలేదన్నది నిజమే కదా అని. బాపట్లలో బిందు 'కాదు' నొక్కింది, లేదన్నారు కదా అని. ఒకే జవాబుకి తెనాలిలో రక్తం తీశారు, బాపట్లలో ఇంటికి పంపారు. వ్యాకరణ పండితులు సభ చేసి తేల్చాల్సిన ఈ వివాదంలో ఇంకో వారం కొట్టుకుపోయింది. లెక్క ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. గడువుకి రెండు వారాలుంది.

ఈసారి బాషా బటన్లే పీకించేశాడు. కొత్త ప్రశ్న: 'రాత్రి అన్నం తర్వాత నోట్లో ఏమేం పడ్డాయండీ?' దాని కింద టిక్కు పెట్టడానికి గళ్లు: కాఫీ, టీ, బిస్కెట్, కిళ్లీ, ప్రసాదం, ఉత్త మంచినీళ్లు.

"ప్రసాదం కూడానా సార్?" అంది హర్షిణి.

"అది తిన్నట్టు మనిషి లెక్కేసుకోడమ్మా. ఒంట్లో చక్కెర లెక్కేసుకుంటుంది."

ఆ ప్రశ్నతో జనానికి నోళ్లు తెరుచుకున్నాయి. తిన్నారా అంటే మొహమాటపడే మనుషులు, ఏమేం తిన్నారంటే ఉత్సాహంగా రాత్రి అన్నంలో కూర దగ్గర్నుంచి మొదలుపెట్టారు. రేపల్లె క్లినిక్కులో రొయ్యల ఇగురు వర్ణన వింటూ నర్సు శకుంతల రెండుసార్లు గుటకలు మింగింది. కాఫీ తాగినవాళ్లు తాగామన్నారు, మర్నాడు తాగకుండా వచ్చారు. మాస్టారు కూడా వచ్చి, రక్తమిచ్చి, ఇడ్లీకి వెళ్లారు. లెక్క తొంభై తొమ్మిదికి చేరింది. తమకి షుగర్ ఉందని తెలియనివాళ్లు అందులో పద్నాలుగు మంది బయటపడ్డారు. పద్నాలుగు మందికీ అన్ని వేళ్లూ ఉన్నాయి.

గడువు చివరి రోజు వైదేహి గారు రేపల్లెలో ఉన్నారు. బాషా కూడా అక్కడే. తొమ్మిదిన్నరయినా ఒక్కరూ రాలేదు. పదింటికి దానమ్మ అనే ఆవిడ మోకాళ్ల నొప్పికి బిళ్లల కోసం వచ్చింది. తెర మీద ఎర్ర గడి వెలిగింది. శకుంతల ప్రశ్న అడిగింది.

"ఏం పడలేదమ్మా. మంచినీళ్లే. తిందామంటే ఇవాళ మా వీధిలోకి ఇడ్లీ బండి రాలా."

"ఆ బండాయన నూరేళ్లు బతకాలి!" అన్నాడు బాషా.

డాక్టరు గారు లేచి వచ్చారు. పక్కనున్న మందుల షాపు ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. చుట్టూ చేరిన జనాన్ని చూసి దానమ్మ బెదిరిపోయింది.

"ఏంటయ్యా, ఇంతమంది చూత్తన్నారు? నాకేమన్నా పెద్ద జబ్బా?"

"కాదమ్మా! నువ్వు వందో మనిషివి!"

"వందేంటయ్యా, నాకు అరవై రెండేగా!"

బాషా స్వయంగా రక్తం తీశాడు. వైదేహి గారు నవ్వుతూ, పట్టిక మూడు ఊళ్లలోనూ శాశ్వతంగా ఉంటుందని అక్కడికక్కడే కాగితం రాసి సంతకం పెట్టారు. శకుంతల చప్పట్లు కొట్టింది. హర్షిణి ఫోన్లోంచి కొట్టింది. గంటకి రిపోర్టు వచ్చింది.

షుగర్ తొంభై రెండు. దానమ్మకి ఏమీ లేదు. మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.