ఆపని ఇంజను

అనస్తాసియో ఒవెలార్‌ను దారి పొడవునా అందరూ తాసియో అనే పిలిచేవారు. పరాగ్వేలో బియ్యం ఎత్తుకుని, అర్జెంటీనాను అడ్డంగా దాటి, ఆండీస్ కొండలెక్కి చిలీలో దింపిరావడం అతని పని. మనిషి మంచివాడు. అప్పిస్తే అడగడు, పక్కవాడి టైరు పేలితే తన పని మానుకుని దిగుతాడు. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. కొండమీద రాత్రి బండి ఆగినా ఇంజను ఆగకూడదు, అంతే. ఆపేవాడు వెధవ, ఆపమని చెప్పేవాడు అంతకంటే పెద్ద వెధవ.

అతని బండి విషయంలో అది నిజమే. తాసియో సొంతూరి డీజిలు తప్ప ఇంకోటి నమ్మడు. రెండు ట్యాంకులూ ఇంటిదగ్గరే నింపుకుని బయల్దేరతాడు. అది ఎండ దేశపు డీజిలు. కొండమీది చలిలో ఇంజను ఆపితే నెయ్యిలా పేరుకుపోతుంది, ఇక పొద్దున బండి లేవదు. చలికి ఓర్చే డీజిలు దారిలో, కొండ ఎక్కబోయేముందు తగిలే మెండోసా ఊళ్ళోనే దొరుకుతుంది. సగం కలుపుకుంటే చాలు. "పరాయి నూనె నా బండికి పొయ్యనా?" అనేవాడు. ఈ జబ్బు మా పరాగ్వే డ్రైవర్లలో చాలామందికి ఉంది. సిగ్గు లేకుండా గొప్పగా కూడా చెప్పుకుంటాం.

అతని భార్య నిమియాకు తోడబుట్టినవాడు ఒక్కడే, విల్ఫ్రిదో. వరద వరిపొలాన్ని ఊడ్చుకుపోయాక నలభయ్యో ఏట బావ వెంట లారీ ఎక్కాడు. గేరు వెయ్యడం దగ్గర్నుంచి సరిహద్దులో సంతకాలదాకా అన్నీ తాసియోనే నేర్పాడు. శిష్యుడు ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు. మెండోసాలో డీజిలు పోయించుకుని, కొండమీద ఇంజను ఆపేసి, రెండు గొర్రెతోళ్ళ మధ్య దూరి హాయిగా నిద్రపోయేవాడు. రాత్రంతా ఉత్తినే తిరిగే ఇంజను తనను తానే తినేస్తుందని అతని వాదన. ఈ విషయం మీద బావా బావమరుదులు తగువుపడని ప్రయాణం లేదు.

వాళ్ళ అలకకు కూడా ఒక పద్ధతి ఉండేది. పక్కపక్కన బళ్ళు ఆపుకుని పోట్లాడుకుంటే మాటలు బంద్. ముందుగా మెత్తబడ్డవాడు లోపలినుంచి పానాతో తలుపు మీద మూడుసార్లు కొట్టాలి. రెండోవాడు వెంటనే తిరిగి కొడితే చులకనైపోడూ? అందుకని కాసేపు ఉడికించి అప్పుడు కొట్టేవాడు. నిమియా ఇది విని, "మీకంటే పసిపిల్లలు నయం" అని నవ్వేది.

ఆ శీతాకాలం మంచు కురిసి కనుమ మూసేశారు. పుంతా దె వాకాస్ దగ్గర రోడ్డు పక్కన లారీలన్నీ నిలిచిపోయాయి. చిలీ వైపునుంచి మంచును మోసుకుంటూ గాలి కొడుతోంది. తాసియో తన బండిని ఆ గాలికి అడ్డంగా పెట్టి, దాని చాటున విల్ఫ్రిదో బండిని పెట్టించాడు. రెంటి మధ్యా మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందే ఉంది.

"నీ మీదకి గాలి రాకుండా చూసుకోమని మీ అక్క ఆర్డరు," అన్నాడు.

సాయంత్రం కావస్తుండగా విల్ఫ్రిదో ముక్కు మూసుకుంటూ వచ్చాడు.

"బావా, నీ బండి పొగంతా నా క్యాబిన్లోకే వస్తోంది. ఆపవయ్యా బాబూ!"

"ఆపితే డీజిలు గడ్డకట్టుద్ది. పొద్దున నువ్వు తోస్తావా?"

"మెండోసాలో పోయించుకోమంటే విన్నావా? పోనీ బండన్నా కాస్త ముందుకి తియ్యి."

"తీస్తే గాలి నీ మొహానే కొట్టుద్ది. నీకోసం అడ్డం పెడితే నాకే నీతులా?"

వెనక బండి డ్రైవరు, మెండోసా ముసలాయన గరోఫలో, మాతే టీ చప్పరిస్తూ కిటికీలోంచి, "అతను చెప్పేది విను తాసియో. సందులో మంచు పేరుకుంటే పొగ పోయే దారుండదు," అన్నాడు.

"మీకేం తెలుసు పెద్దాయనా, మీది చలిదేశం డీజిలు."

"నీది మట్టిబుర్ర," అన్నాడు విల్ఫ్రిదో. "నీతో మాట్లాడితే ఒట్టు!" తలుపు దబాలున వేసుకున్నాడు. ఆ కోపంలోనే అతను పొగ రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కడం కూడా తాసియో చూశాడు.

చీకటి పడింది. తాసియో వేడి క్యాబిన్లో ఎండిన చిపా రొట్టె నములుతుంటే పక్కనుంచి చప్పుడు వినిపించింది. ఒకటి. చాలాసేపటికి రెండోది. మూడోది వచ్చిందో లేదో తెలియనంత నీరసంగా.

తాసియో నవ్వుకున్నాడు. "దారికొచ్చాడు వెధవ. అదీ మనసొప్పక కొడుతున్నాడు." పానా చేతిలోకి తీసుకున్నాడు కూడా. కాసేపు ఉడకనీ అని మళ్ళీ కింద పెట్టాడు. వెచ్చగా ఉంది, ఇంజను జోకొడుతోంది. అలాగే నిద్రపోయాడు.

తెల్లారి లేచేసరికి సందు సగందాకా మంచుతో పూడిపోయి ఉంది. తాసియో పానాతో కొట్టాడు. బదులు లేదు. "ఇంకా ఎంతసేపురా ఈ అలక? నేనే ఓడాను, సరేనా?" అని అరిచాడు. అప్పుడు రాత్రి వచ్చీ రానట్టున్న ఆ మూడో దెబ్బ గుర్తొచ్చింది. దూకి, మోకాళ్ళలోతు మంచులో పడుతూ లేస్తూ అటువైపు వెళ్ళి తలుపు లాగాడు. విల్ఫ్రిదో లోపల సందువైపు తలుపుకి ఆనుకునే ఉన్నాడు. చేతిలో పానా ఉంది. బుగ్గలు ఎర్రగా, జ్వరం తగ్గి లేచినవాడిలా కళగా ఉన్నాయి. ఆ ఎరుపు చూసి తాసియో ఒక్క క్షణం సంతోషించాడు కూడా.

కేక విని దిగొచ్చిన గరోఫలో చెవి ఆనించి చూశాడు. "ఊపిరుంది. కొద్దిగా."

"నా బండిలోకి ఎత్తండి! వెచ్చగా ఉంది!"

"ఆ బండిలోకా? ఆ పొగే కదయ్యా వీణ్ణి తింది!"

 తాసియో పరుగెత్తి తన క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాడు. ఆ కొండమీద ఇన్నేళ్ళలో అతని ఇంజను మొదటిసారి ఆగింది. చుట్టూ గాలి మోత తప్ప ఏమీ లేదు. ఇక ఆ బండి లేవదు. లేవకపోతే పోనీ, కాలిపోతే కాలిపోనీ, వీడు లేస్తే చాలు.

కొండ దిగే దారి మూసుకుపోయింది. అంబులెన్సు రాదు. సరిహద్దు కాపలావాళ్ళ గదిలో ఆక్సిజన్ ఉందని ఎవరో అన్నారు. టార్పాలిన్ పరిచి, విల్ఫ్రిదోను గొర్రెతోళ్ళలో చుట్టి పడుకోబెట్టి, నలుగురు డ్రైవర్లు నాలుగు కొసలు పట్టుకుని ఎదురుగాలిలో నడిచారు. తాసియో దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఒరే విల్ఫ్రీ, మెండోసాలో పోయిస్తానురా డీజిలు. నువ్వెక్కడంటే అక్కడ. మా అయ్య మీద ఒట్టు. ఒక్క తిట్టు తిట్టరా. మట్టిబుర్ర అను. అనరా!"

సగం దారిలో గరోఫలో ఆగి వంగి చూశాడు. టోపీ తీశాడు. తాసియో ఆయన మీద విరుచుకుపడ్డాడు. "టోపీ పెట్టుకోండి! చలిగాలి! నడవండి!" అని కేకలేశాడు. వాళ్ళు నడిచారు. పోయిన మనిషికి ఆక్సిజన్ పెట్టించేదాకా అతను వదల్లేదు. గదిలో ఉన్న సైనికుడు, పాపం, కాదనలేక పెట్టాడు.

ఆ గదిలో పనిచేసే ఫోను ఒక్కటే ఉంది. అది మోగింది. కొండమీద ఇరుక్కున్న పరాగ్వే వాళ్ళెవరని వాకబు చేస్తూ నిమియాయే చేసింది. సైనికుడు రిసీవరు తాసియో చేతిలో పెట్టి తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఏవయ్యా, నువ్వేనా? ఎలా ఉన్నారు? ఇక్కడ టీవీలో ఆ మంచు చూపిస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. విల్ఫ్రిదో ఇంజను ఆపేసి పడుకుని ఉంటాడు మొండివెధవ. వాడికి చలెయ్యలేదు కదా?"

"లేదు," అన్నాడు తాసియో.

"నీ బండి వాడి పక్కనే పెట్టావా?"

"పక్కనే పెట్టాను."

"రాత్రంతా ఇంజను ఆపలేదు కదా నువ్వు?"

తాసియో గోడకి ఆనుకున్నాడు. "ఆపలేదు నిమియా," అన్నాడు.

"బతికించావయ్యా," అంది ఆమె. "ఏడీ, వాడికివ్వు ఫోను."