స్టామినా లేదన్న మాస్టారు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేనూ, నా హాస్టల్ స్నేహితురాలూ నర్సీపట్నంలో ఒక కానిస్టేబుల్ కోచింగ్ సెంటర్‌లో చేరాం. నాది యలమంచిలి, నాన్న బడిపంతులు. ఆమెది కొయ్యూరు అవతల కొండమీది ఊరు.

చేరినవాళ్ల సత్తా చూసి మాస్టారు గ్రూపులు వేసేవాడు. మలేరియా తగ్గి అప్పుడే లేచానని ఆమె ముందే చెప్పింది. ఆయన వినిపించుకోకుండా మైదానం చుట్టూ పరిగెత్తించాడు. సగంలోనే ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి ఆగిపోయింది. స్టామినా లేదని అందరి ముందూ అనేసి వెనక గ్రూపులో పడేశాడు. ఆ గ్రూపుకి నడకా, చేతులూపడమూ తప్ప ఏమీ నేర్పరు.

ఒళ్లు కుదుటపడ్డాక, మళ్లీ చూడమని అడిగింది. పక్కనే నేనూ ఉన్నాను.

"ఒకసారి సూసేసేను గదమ్మా. నీ ఒంట్లో ఏటుందో నాకు తెలీదేటి?" అన్నాడు.

జ్వరం ఒంటిని చూసి జీవితకాలానికి తీర్పు చెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాటి నుంచి తెల్లవారుతూనే ఇద్దరం కొయ్యూరు రోడ్డు పట్టాం. పరిగెడుతూ మాట్లాడుకోగలిగితే వేగం పెంచేవాళ్లం. ఆగాక ఊపిరి ఎంత బేగి సర్దుకుంటోందో చూసుకునేవాళ్లం. పిక్కలు పట్టేస్తే ఆ రోజుకి తగ్గించేవాళ్లం. కొన్నాళ్లకు ఆమెను అందుకోవడం నావల్ల కాలేదు. ముందు వెళ్లిపోయి కల్వర్టు మీద కూర్చుని నా కోసం చూసేది.

సెలక్షన్లలో నేను షాట్‌పుట్‌లో పోయాను. ఆమెకు ఉద్యోగం వచ్చింది.

నెల తిరక్కుండానే కోచింగ్ సెంటర్ ముందు ఫ్లెక్సీ లేచింది. మధ్యలో పెద్దదిగా ఆమె ఫోటో, పక్కన చేతులు కట్టుకున్న మాస్టారు. నేరుగా లోపలికి వెళ్లి అడిగాను.

"మా గ్రౌండ్లో పరిగెట్టిన పిల్లే గదా. తప్పేటి?"

"మీరు పరిగెట్టనివ్వలేదండి, నడవమన్నారు. స్టామినా లేదన్న మాట కూడా ఆ ఫోటో కింద రాయించండి."

ఆయన నవ్వి, ఈ అమ్మాయికి మంచినీళ్లిమ్మని ఎవరికో పురమాయించాడు. నీళ్లు ముట్టుకోకుండా వచ్చేశాను.

ఆమెకు ఫోన్ చేసి చెబితే, "వదిలీయే, నాకు ఉద్యోగం వచ్చింది సాలు" అంది.

నాకు చాలలేదు. ఆ ఫ్లెక్సీ చూసి కొండమీది ఆడపిల్లలు మరికొందరు అక్కడే చేరారని తర్వాత తెలిసింది. వాళ్లను ఏ గ్రూపులో వేసి ఉంటాడో నన్నెవరూ అడగక్కర్లేదు.