క్యాబిన్ వెనక నీళ్ళు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. లిఫ్టు ఆలస్యమైతే కోపం, వెంటనే వస్తే అందులో ముందే ఎవరో ఉన్నారని కోపం. దోహాలో అప్పుడు మెట్రో కోసం రోడ్లన్నీ తవ్విపోశారు. నిన్న ఆఫీసుకి తీసుకెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. ఐన్ ఖాలిద్‌లో మా ఇంటి నుంచి ఆఫీసు చేరేలోపు దారిలో ఉన్న డ్రైవర్లందరినీ నాకొచ్చిన నాలుగు భాషల్లోనూ తిట్టేవాణ్ణి (కారు అద్దాలు మూసుకునే లెండి. కోపమంత ధైర్యం కూడా ఉండి ఉంటే ఇది జైల్లో కూర్చుని రాయాల్సి వచ్చేది). ఆఫీసులో తెలుగువాళ్ళు నాకు బాయిలరు అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసినరోజు నేను చేసిన గొడవకి ఆ పేరు ఇంక స్థిరపడిపోయింది. ఇప్పుడు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని ఆ మనిషిని తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. కానీ ఒక శుక్రవారం మాత్రం అతని కోపమే ఒక పెద్దాయనకి పనికొచ్చింది. ఎలాగో చెబుతాను.

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి ఇప్పటికీ తెలియదు. రైళ్ళ టైంటేబులు కాగితం మీద బాగానే ఉంటుంది, నడిపిస్తే నడుస్తుందా అన్నది కంప్యూటర్లో ముందే నడిపి చూడటం మా పని. ఒక బండి ఏడు నిమిషాలు ఆలస్యమైతే ఆ ఆలస్యం ఇంకెన్ని బండ్లకి అంటుకుంటుందో లెక్క తేల్చాలి. కొత్తగా చేరినవాళ్ళు నేర్చుకోవడానికి ఆ ప్రోగ్రాముతో పాటు ఒక నమూనా లైను ఇచ్చేవారు. ఐర్లండ్‌లో పడమటి వైపు ఒకప్పటి సింగిల్ లైను, దాని మీద తొమ్మిది చిన్న స్టేషన్లు. సామర్లకోటలో రైళ్ళు చూస్తూ పెరిగి, రైల్వే ఉద్యోగం పరీక్ష మూడుసార్లు తప్పినవాణ్ణి నేను. ఎవరూ వద్దనకుండా, ఏ పరీక్షా లేకుండా నా చేతికి ఒక లైను దొరికింది. ఏ స్టేషన్లో ఏ బండి ఆగి ఎదురుబండికి దారి ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మా పెళ్ళిరోజు ఏ తేదీనో మాత్రం మెలకువలో అడిగినా చెప్పలేకపోయేవాణ్ణి.

పిచ్చి అక్కడితో ఆగలేదు. ఆ తొమ్మిదింటిలో ఏడో స్టేషన్ని బొమ్మగా కట్టడం మొదలుపెట్టాను. కొత్తగా కాపురానికి వచ్చిన మా ఆవిడకి ఇంట్లో భోజనాల బల్ల ఉందని ఫోన్లో చెప్పాను. ఆ బల్ల మీద ఐర్లండ్ ఉందని చెప్పలేదు. రెండేళ్ళు మేము చాప మీద కూర్చుని తిన్నాం. బొమ్మ రైళ్ళ షాపుల్లో దొరికే పట్టాలు ఇంగ్లీషువాళ్ళ లెక్కకి చేసినవి, ఐరిష్ పట్టాల మధ్య దూరం అంతకంటే ఎక్కువ. అంచేత పట్టాల కింద పరిచే ఒక్కో స్లీపరూ నేనే కోసి, పట్టాలు నేనే అతికించి, నారింజ నలుపు రంగుల పెట్టెలకి చక్రాలు మార్చాను. ఆ చక్రాల పార్సెలు నాలుగు నెలలు ఎక్కడో ఆగిపోతే పోస్టాఫీసులో నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయకూడదు. ఇంత చేసి పచ్చగడ్డి పరిస్తే, కిటికీ సందుల్లోంచి సన్నటి ఇసుక వచ్చి దాని మీద పడేది. ఎప్పుడు చూసినా వాన పడే దేశాన్ని నేను రోజూ పొద్దున కుంచెతో దులిపి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి.

ఏడో స్టేషనే ఎందుకంటే అది మా పెద్దాయన ఊరు. ఆయన మా విభాగానికి సీనియరు, ఐర్లండ్ మనిషి. రోజుకి ఎనిమిదిసార్లు చిక్కటి టీ కాచుకునేవాడు కాబట్టి మేము చాటుగా టీ దొర అనేవాళ్ళం. ఒకసారి మీటింగులో నేను క్లయింటు మీదే అరిచేశాను. అందరూ నా ఉద్యోగం పోయిందనుకుంటుంటే, ఆయన లేచి ఆ క్లయింటుకి స్వయంగా టీ కలిపిచ్చి, కుర్రాడు గట్టిగా చెప్పాడే గాని తప్పు చెప్పలేదన్నాడు. నా ఉద్యోగం ఆ కప్పు టీ వల్ల నిలిచింది. ఆయన బల్ల మీద ఒక పాత ఫోటో ఉండేది. సిగ్నల్ క్యాబిన్ ముందు టోపీ పెట్టుకుని, సింగిల్ లైను మీద డ్రైవరుకిచ్చే టోకెను ఉన్న ఇనుప వలయం చేత్తో పట్టుకుని వాళ్ళ నాన్న. వెనకాల గుట్ట. సామర్లకోట పక్కన చిన్న స్టేషన్లో అలాంటి వలయమే చిన్నప్పుడు నేనూ చూశాను. ఆ స్టేషను మూసేశారనీ, క్యాబిను కూల్చేశారనీ, నాన్న ఉద్యోగమంతా గడిచిన చోటుకి ఈ ఫోటో తప్ప గుర్తు లేదనీ ఆయన ఒకసారి అన్నాడు. రిటైరై ఒక శనివారం వెళ్ళిపోతున్నాడని తెలిసింది. శుక్రవారం మా ఇంటికి భోజనానికి పిలిచాను. వెళ్ళేలోపు ఆ స్టేషన్ని ఆయన కళ్ళముందు పెట్టాలి, అంతే నా కోరిక. ముందే అడిగితే గుట్టు బయటపడుతుందని ఆయన్ని ఒక్క ముక్క కూడా అడగలేదు. అడగడమెందుకు, ప్రోగ్రాములో ప్రతి గజమూ ఉందిగా.

ఆ వారం మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడిందంటే నాకు భయం.

"ఏమండీ, కోప్పడనంటే ఒకటి చెబుతాను. ఏసీ కారుతోంది, మీ ఊళ్ళో."

వెళ్ళి చూస్తే గోడ మీది ఏసీ నుంచి నీళ్ళు చుక్కలుగా గుట్ట మీద పడి, గుట్ట దిగి, సరిగ్గా క్యాబిన్ వెనక మడుగు కట్టాయి. నేను అరిచిన అరుపుకి పక్కింటి ఈజిప్టు కుటుంబం తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకుంది. బిల్డింగు మెయింటెనెన్సుకి ఫోన్ చేస్తే నలభై ఏళ్ళ మనిషి ఒకాయన నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. జగిత్యాల వైపు వాడు. ఇక్కడికి రాకముందు అయిదేళ్ళు కాంట్రాక్టరు కింద పెద్దపల్లి దగ్గర రైలుపట్టాలు వేసే పని చేశాడట. మా ఆవిడ మజ్జిగ ఇస్తూ ఇదంతా రెండు నిమిషాల్లో రాబట్టింది. (వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ ఆయన దుబాయ్‌లో ఉన్నాడనే అనుకుంటున్నారని కూడా.) ఆయన ఏసీ డబ్బా విప్పి, పైపు ఊది, సగం పనిలో కిందకి చూశాడు. చూసి నిచ్చెన దిగాడు. బల్ల చుట్టూ ఒకసారి నడిచాడు. నాకు లోపల ఆవిరి మొదలైంది.

"సారూ, గుట్ట పక్కపొంటి పట్టాలు గింత సీదగ ఎట్ల పోతయ్? గుట్టెంబడి తిరుగాలె గద," అన్నాడు. ఆయన క్యాబిన్ వెనక మడుగులో వేలు పెట్టాడు. "వాన వడితె నీళ్లన్ని గీడికే వస్తయ్. మోరీ పెట్టలే. నీళ్ళు ఎటు పోవాలె సారూ?"

రెండేళ్ళ పని. ప్రోగ్రాములో ఉన్న కొలతలు. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి నాకు రైల్వే పాఠం చెబుతున్నాడు. ఖలాస్, యల్లా, అని చెయ్యి తలుపువైపు చూపించాను. పైపుకి ఇంకా క్లిప్పు పెట్టలేదని ఆయన ఏదో చెప్పబోతే, పెట్టక్కర్లేదన్నాను. ఏసీవాడు ఏసీ సంగతి చూసుకుంటే చాలునని కూడా అన్నానట. నాకు గుర్తు లేదు, మా ఆవిడకి గుర్తుంది. ఆయన ఏమీ అనకుండా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. మజ్జిగ గ్లాసు సగంలోనే ఉండిపోయింది. ఆ రాత్రి మా ఆవిడ నాకు చాప కూడా వెయ్యలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. మా ఆవిడ పులిహోర, గుత్తివంకాయ కూర, పెరుగన్నం పెట్టింది. ఆయన ఆవకాయ ముక్కని కూరముక్క అనుకుని నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళతో చాలా బాగుందన్నాడు. చెయ్యి కడుక్కున్నాక బల్ల మీద దుప్పటి తీశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. చాలాసేపు చూశాడు. గడ్డి చూశాడు, పెట్టెలు చూశాడు, పట్టాల మధ్య దూరం వేళ్ళతో కొలిచి తల ఊపాడు.

"ఎంత చక్కటి పని," అన్నాడు చివరికి. "ఇది ఏ స్టేషను?"

నేను బోర్డు చూపించాను. ఐరిష్‌లోనూ ఇంగ్లీషులోనూ సన్న కుంచెతో రాసిన బోర్డు. ఆయన దాన్ని చదివి, నా మొహం చూసి, ఇబ్బందిగా నవ్వాడు. అక్కడ లైను ఇలా తిన్నగా ఉండదనీ, గుట్ట చుట్టూ తిరుగుతుందనీ, క్యాబిను ప్లాట్‌ఫారానికి ఈ కొసన కాదు, ఆ కొసన ఉండేదనీ మెల్లగా చెప్పాడు. అంతే, నాకు తల తిరిగిపోయింది. అతిథి అని చూడలేదు, పెద్దవాడని చూడలేదు. వయసు వల్ల మీకు జ్ఞాపకం తప్పుతోంది, డేటా తప్పదు అన్నాను. లాప్‌టాప్ తెచ్చి నమూనా లైను తెరిచి ఆయన మొహం ముందు పెట్టాను. ఏడో స్టేషను. తిన్నని గీత. ఈ కొసన చిన్న డబ్బా, క్యాబిను. చూడండి అన్నాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఆయన తెర చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ నమూనా చేసింది నేనే," అన్నాడు. "ఆ ప్రోగ్రాముకి దూరం, వేగం, టైము చాలు. గుట్టలు అక్కర్లేదు. అందుకని అన్నీ తిన్నగా గీశాను. క్యాబిన్ని ఇటు జరిపింది స్టేషను పేరు రాయడానికి చోటు లేక."

ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. జీవితంలో మొదటిసారి కోపం నిండా ఉండి, దాన్ని ఎవరి మీద పోయాలో తెలియక నిలబడ్డాను. ఈ మనిషి చోటు లేక జరిపిన డబ్బాని నేను రెండేళ్ళు వేదం అనుకున్నాను. మా వృత్తిలో వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది. నేలని చూడకుండా గీతని చూసి ఊరు కట్టడం. ఒక కాంట్రాక్టు పట్టాల మనిషి నిచ్చెన దిగిన అయిదు నిమిషాల్లో ఆ తప్పు కనిపెడితే ఆయన్ని నేను గదిలోంచి గెంటేశాను. రేపు పెద్దాయన విమానం ఎక్కుతాడు, చూసి వెళ్ళేది ఊరూ పేరూ లేని ఒక గడ్డిబల్ల. లాప్‌టాప్ మూసేశాను.

"ఏమండీ, నీళ్ళు," అంది మా ఆవిడ.

మంగళవారం పెట్టనివ్వని క్లిప్పు అది. పైపు ఊడి నీళ్ళు ధారగా గుట్ట మీద పడ్డాయి. గుట్ట దిగి, పట్టాల కింద నీళ్ళు పోయే మోరీ లేదు కనుక, క్యాబిన్ వెనక చేరాయి. నేను తుడవడానికి తువ్వాలు తీసుకుని పరిగెత్తాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఆ మడుగునే చూస్తున్నాడు.

"ఇప్పుడు గుర్తుపట్టాను," అన్నాడు.

చలికాలమంతా క్యాబిన్ వెనక నీళ్ళు అలాగే నిలిచేవట. వాళ్ళ నాన్న కాలువ తవ్వించమని ఉద్యోగం చేసినన్నాళ్ళూ పైవాళ్ళకి ఉత్తరాలు రాశాడట. ఎవరూ తవ్వించలేదు. రోజూ తడి బూట్లతో ఇంటికి వచ్చి, గుమ్మంలో అవి విప్పుతూ ఒకటే మాట అనేవాడట, "నీళ్ళు ఎటు పోవాలని వాళ్ళ ఉద్దేశం?" అని. ఆ మాట చెప్పి ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి ఆవకాయ వల్ల కాదు. మేము ముగ్గురం నీళ్ళు బల్ల అంచు దాటి చాప మీద పడేదాకా చూస్తూ నిలబడ్డాం. వెళ్ళేముందు ఆయన పేపరు నాప్కిన్ మీద లైను ఎలా వంగేదో, క్యాబిను ఎక్కడుండేదో గీసి ఇచ్చాడు. నాకు క్షమాపణ చెప్పే అలవాటు లేక, టీ కలిపి ఇచ్చాను. ఆయనకి అర్థమైందనుకుంటాను, రెండు కప్పులు తాగాడు.

ఆదివారం మెయింటెనెన్సుకి ఫోన్ చేసి ఆ జగిత్యాల అన్ననే పంపమన్నాను. ఆయన క్లిప్పు పెట్టి దిగాక, తప్పు నాది, అన్నా, అన్నాను. నోటి నుంచి ఆ మాట ఎంత కష్టంగా వచ్చిందో నాకే తెలుసు. "గప్పుడు మీరు గరం మీదున్నరు, అందుకే ఊకున్న సారూ," అని మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. మూడు శుక్రవారాలు వచ్చాడు. నాప్కిన్ ముందు పెట్టుకుని, దారం పట్టుకుని, ఒక కన్ను మూసుకుని గుట్ట వెంబడి పట్టాలు తిప్పాడు. నేను స్కేలుతో కొలిచాను, దిద్దడానికి ఏమీ దొరకలేదు (కొంచెం కోపం వచ్చింది). క్యాబిన్ని ఆ కొసకి జరిపాం, గుట్ట వాలు కూడా అటే తిప్పాం. చివర్లో మోరీ కూడా పెడతానంటే వద్దన్నాను. నాకు పూర్తిగా మతి పోయిందనుకున్నాడో ఏమో, మా ఆవిడ వైపు ఒకసారి చూసి, మీ ఇష్టం సారూ అన్నాడు.

ఇప్పుడు మాకు తినడానికి వేరే బల్ల ఉంది, ఏసీ కూడా కొత్తది, చుక్క కారదు. ఆఫీసులో కొత్తవాళ్ళు తిన్నని గీతలు తెచ్చి చూపిస్తే, ఇక్కడ వాన పడితే నీళ్ళు ఎటు పోవాలి అని అడుగుతాను. వాళ్ళు బయటికెళ్ళి బాయిలరు చల్లారింది గాని బుర్రకే ఏదో అయిందని చెప్పుకుంటారని నాకు తెలుసు. చెప్పుకోనీ. శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ కునుకు తీసేవేళ, వంటింట్లోంచి చెంచాడు నీళ్ళు తెచ్చి క్యాబిన్ వెనక పోసి, ఫోటో తీసి, ఐర్లండ్‌కి పంపుతాను. బాగా కోపం వచ్చిన వారం రెండు చెంచాలు పోస్తాను. ఆయన అది చూసి, ఈ వారం ఎవరి మీద అని జవాబు రాస్తాడు.