చిరుగుల చొక్కాకి దక్కిన బియ్యం

ఒక్క చొక్కా తొడుక్కుని బస్తీ మొత్తం నోటికాడి కూడు తీసేసిన ఘనుణ్ణి నేను. నవ్వండి, నేనూ నవ్వుతూనే చెబుతాను.

పోలీస్ యాక్షన్ అయిన ఏడాది. గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక మిషన్ బడిలో పాఠాలు చెబుతున్నాను. వయసు ఇరవై రెండు, తెలివి అంతకంటే తక్కువ. సీతాఫల్‌మండిలో నా గది వెనకే స్టేషన్ కూలీల బస్తీ. గూడ్సు బళ్ళు ఇంకా సరిగా రావడం లేదు. మగవాళ్ళకి పని లేదు, పొయ్యిల్లో నిప్పు లేదు. మారేడ్‌పల్లి పెద్దలు కొందరు కమిటీ కట్టి, నిజంగా అవసరమున్న బస్తీకి పని దొరికేదాకా బియ్యం ఇస్తామన్నారు.

"అర్జీ పెడదాం" అన్నారు హెడ్‌మాస్టరు.

"అర్జీ ఎవరు చదువుతారండీ? నాటకం వేద్దాం. అందరినీ ఏడిపిస్తాను" అన్నాను. ఏడిపించాను కూడా.

రాసింది నేను, ఆడించింది నేను, ఆకలితో మాడే కూలి వేషమూ నేనే. ఇరుగుపొరుగు పాత్రలకి బస్తీ ఆడవాళ్ళు ఆరుగురు. వాళ్ళకి పెద్ద దిక్కు మల్లమ్మ. "మూడు దినాలాయె, పిల్లలు గంజి సుత తాగలే" అని రిహార్సల్లో ఆమె అంటుంటే నాకే కళ్ళు తిరిగేవి. ఆ మాట నేను రాసింది కాదు, ఆమెదే.

వాళ్ళ బట్టల సంగతి మాత్రం ఎత్తలేదు. పేదవాళ్ళకి పేద వేషం ప్రత్యేకంగా ఎందుకనుకున్నాను. నా బుగ్గలకి మాత్రం మసి పూసుకుని, మంచి చొక్కాని కత్తెరతో పేలికలు చేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం, బడి హాలు నిండింది. ముందు వరసలో కమిటీ పెద్దలు. మల్లమ్మ వాళ్ళు వచ్చారు. చూసి గోడ పట్టుకున్నాను. ఆరుగురూ పట్టుచీరలు! తలకి నూనె, జడలో పూలు, మెడలో గిల్టు గొలుసులు.

"ఏమిటమ్మా ఇది?"

"ఏందీ సారూ, మంచిగ లేదా? బస్తీల ఉన్న పెట్టెలన్ని తీపిచ్చినం."

"మీరు ఆకలితో ఉన్నవాళ్ళమ్మా!"

"ఉన్నం సారూ, పొద్దుగాలకెల్లి ఏం తినలే. గయితే ఏంది? పెద్దోళ్ళ ముందట చినిగిన బట్టలతోని ఎట్ల నిలబడ్తం? మాకు ఇజ్జత్ లేదా?"

అంతలో తెర లేచింది.

మల్లమ్మ పట్టుకొంగు సర్దుకుని "మూడు దినాలాయె" అంది. ముందు వరసలో గుసగుసలు. నాటకాన్ని నేనే కాపాడాలని విజృంభించాను. దొర్లాను, గుండెలు బాదుకున్నాను, గడ్డి నమిలాను. కమిటీకి పెద్దయిన అమ్మగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

ఆఖర్న ఆవిడ వేదికెక్కారు. "ఈ బస్తీవాళ్ళు చల్లగా ఉన్నారు, దేవుడికి స్తోత్రం! బియ్యం కాప్రా వైపు పంపిద్దాం." నా చేతులు పట్టుకున్నారు. "ఈ అబ్బాయిని మాత్రం చూడలేకపోయాను. ఇతనికో బస్తా ఇప్పించండి."

"అమ్మగారూ, అది వేషమండీ! నేను బడి పంతుల్ని! వీళ్ళకే తిండి లేదు, చీరలు అడిగి తెచ్చుకున్నారు!"

"ఎంత అభిమానం, పాపం! లేమి ఒప్పుకోవడం లేదు" అని ఆవిడ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు.

ఆ బస్తాని బస్తీకే మోయించాను. మల్లమ్మ ఇంటింటికీ గ్లాసుతో కొలిచి పోసింది. మర్నాటికి మించి రాదు. కొలవడం అయ్యాక ఒక గ్లాసు బియ్యం నా చేతిలో పెట్టింది.

"ఇది మీ వంతు సారూ. గంత ఏడ్సిండ్రు, మీకు సుత ఆకలైతది గదా."

ఆ సాయంత్రమే బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకొకరి ఆకలికి నేను వేషం కట్టను. తప్పనిసరై కట్టవలసి వస్తే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కడుపునిండా తిన్నవాడిలాగే కడతాను.