అత్తమ్మ మెడ మీది ఎర్రగీత

ఎల్లారెడ్డిలో మా ఇల్లు ఊరి చివర, వరి పొలాలను ఆనుకొని ఉంటది. కోతలు మొదలైతే చాలు, సాయంత్రం ట్యూబ్‌లైట్ వెయ్యగానే ఎక్కడెక్కడి పురుగులన్నీ మా అరుగు మీదికే వస్తయి. ఆ లైటు కిందనే మా అత్తమ్మ ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడతది. నేను పక్కన కూసొని ఆకు కత్తిరిస్త.

కిందటేడు కోతలప్పుడు ఒక పొద్దున అత్తమ్మ అద్దం ముందు నిలబడి నన్ను పిలిచింది.

"బిడ్డా, జర ఇటు రా. మెడ మీద ఏందో మండుతున్నది."

చూసిన. చెవి కింది నుంచి గొంతు దాకా ఎర్రటి గీత, వేడి గరిటె తగిలినట్టు. దాని పొడుగునా సన్నటి నీటి పొక్కులు.

"పొయ్యి కాడ ఏమన్న తగిలిందా?" అని అడిగిన.

"నిన్నంత పొయ్యి కాడికే పోలే."

ఆ మాట అంటూనే ఆమె మొహం పాలిపోయింది. మంచం మీద కూసొని మెల్లగ అన్నది. "సర్పి."

సర్పి అంటే మా దిక్కు చెడ్డ భయం. పొక్కులు పాములెక్క పాకుకుంట పోయి, తల తోక కలిస్తే మనిషి దక్కడని నమ్ముతరు. మా మామ పోయే ముందు ఆయన నడుముకు సర్పి లేచింది. బట్ట తగిలినా అరిచేటోడు. ఆయన పోయింది గుండె ఆగి. కానీ అత్తమ్మ లెక్కల ఆయనను తీసుకపోయింది సర్పే.

ఇగ అప్పటి నుంచి అద్దం చేతిల పట్టుకొనే ఉన్నది. "పెరిగిందా? మెడ వెనకకు పోయిందా?" లేదంటున్న గానీ నా కండ్లు కూడా అటే పోతున్నయి.

గాజుల దుకాణం నడిపే పక్కింటి ఆపా విషయం విని వచ్చింది. గీతను అటు ఇటు చూసి, "సర్పి గాదు పెద్దమ్మా, ఇది మక్డీ పని. పండుకున్నప్పుడు సాలెపురుగు మూత్రం పోసుంటది" అన్నది.

సర్పి కంటే సాలెపురుగు నయమే అనిపించింది నాకు. కట్టెకు చీపురు కట్టి మూలమూలన బూజు దులిపిన. సన్నకాళ్ల సాలెపురుగులు దూలాల మీది నుంచి పడి ఉరికినయి. బీరువా వెనక గోడకు అతుక్కున్న పెద్దదాన్ని చెప్పుతో కొట్టిన. అంతా అయినంక చేతులు కడుక్కుంటుంటే మోచేతి మడత భగ్గుమన్నది. చూస్తే మడతకు పైన ఒక ఎర్రమచ్చ, కింద ఒక ఎర్రమచ్చ. చెయ్యి ముడిస్తే ఒకదాని మీద ఒకటి సరిగ్గ కూసుంటున్నయి. సాలెపురుగు నా మీద కూడా పోసిందనుకున్న.

మా ఆయన కోత మిషన్ మీద పనికి పిట్లం దిక్కు పోయి ఉండె. ఫోన్ చేస్తే, "ఇంట్ల వైద్యాలు వద్దు, కామారెడ్డి పోయి చర్మం డాక్టరుకు చూపియ్యి" అన్నడు. బస్సుల పొడుగునా అత్తమ్మ మెడకు కొంగు చుట్టుకొని, "నా కమ్మలు నీ బిడ్డకే పెట్టు" అని చెప్పుకుంటనే ఉన్నది.

డాక్టరమ్మ చిన్న వయసామె. గీతను చూసింది, నా మోచెయ్యి కూడా చూసింది. "సాయంత్రం లైటు కింద కూసుంటరా? చుట్టు పొలాలున్నయా?" అని అడిగి, ఫోన్ల ఒక ఫొటో చూపించింది. చీమంత సన్నటి పురుగు. తల నలుపు, మెడ నారింజ, నడుమ మళ్ల నలుపు, వెనక నారింజ, తోక కొస నలుపు.

అత్తమ్మ ఫోన్ను కండ్ల దగ్గరికి గుంజుకున్నది. "గిది చీమ గాదా? రోజూ వస్తయి. మెడ మీద పాకితే నలిపి పారేస్త."

"చీమ గాదు అవ్వా. ఇది కుట్టదు, కరవదు. నలిపితే దాంట్లోని రసం తోలును కాలుస్తది. మీ వేలు ఎటు రుద్దితే గీత అటు పడ్డది. ఈమె మోచేతి మడతల కూడా అదే నలిగింది. సాలెపురుగులకు దీనితోని సంబంధం లేదు."

"సర్పి గాదా?"

"గాదు."

"మెడ చుట్టు తిరగదా?"

"తిరగదు. సర్పి అయినా గానీ, చుట్టు తిరిగి మనిషిని చంపుడు అనేది ఉండదు అవ్వా. అది మందులకు తగ్గే రోగం."

అత్తమ్మ అదే మాట మళ్ల అడిగింది. డాక్టరమ్మ విసుక్కోకుండ మళ్ల చెప్పింది. సబ్బుతో కడగమని, పూసుకోను మందు రాసిచ్చింది. పురుగు మీద వాలితే చెయ్యి పెట్టకుండ ఊదెయ్యమన్నది.

బయటికి రాంగనే అత్తమ్మ మెడకున్న కొంగు విప్పేసింది. బస్టాండుల కూసొని కొంగు సదురుకున్నది. తర్వాత అన్నది.

"మీ మామకు సర్పి మంత్రం ఏపియ్యమని అందరు చెప్పిండ్రు. నేనే రేపు మాపు అనుకుంట ఆగిన. ఇన్నేండ్లు నేనే చంపుకున్న అనుకుంటున్న బిడ్డా."

నాకు ఆ సంగతి తెల్వదు. ఆమె చెయ్యి పట్టుకున్న. ఆమె ఏడ్వలే. పెద్దగ ఊపిరి తీసి వదిలి, "ఆకలైతుంది, ఏమన్న తిందాం" అన్నది. వేడివేడి మిర్చీలు తిన్నం. నోరు మండిందని నవ్వింది.

ఇంటికొచ్చినంక అరుగు మీది లైటు తీసి దూరంగ గేటు కాడ పెట్టినం. అయినా ఒక పురుగు తప్పించుకొని చాట అంచు ఎక్కింది. అత్తమ్మ దాని మీద గాజు గ్లాసు బోర్లించి, "ఆపా, జర వచ్చి చూడు" అని గోడ మీది నుంచి కేకేసింది. ఆపా వంగి చూసి, "యా అల్లా, గింత పురుగా!" అని, ఫొటో తీసి, "మక్డీ గాదంట, ఇదంట" అని భిక్నూర్ల ఉన్న తన చెల్లెకు పంపింది.